గుయ్యిమనే శబ్దానికి ఒక మందు, ఓల్టేజీ దెబ్బకు వేరే మందు: ఆడియో సెట్టుకు ఏ రక్షణ కొనాలి?

పాట మొదలుకాకముందే స్పీకర్లోంచి గుయ్యిమని శబ్దం వస్తోందని ఒకరు బాధపడతారు. రాత్రి ఉరుములు ఉరిమాయి, పొద్దున చూస్తే యాంప్లిఫైయర్ ఆన్ కావడం లేదని ఇంకొకరు. ఇద్దరికీ అందరూ ఇచ్చే సలహా మాత్రం ఒకటే: మంచి స్పైక్ గార్డ్ ఒకటి కొనుక్కో. మొదటివాళ్లకు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. రెండోవాళ్లకు కొంత ఒరుగుతుంది, అదీ దెబ్బ పడకముందే కొని ఉంటే, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉంటే.

స్పైక్ గార్డ్, స్టెబిలైజర్, ఫిల్టర్, పవర్ కండిషనర్, యూపీఎస్, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని దొరికేవి చాలా ఉన్నాయి. పెట్టెల మీద రాతలు చూస్తే ప్రతిదీ అన్నిటికీ పనికొచ్చేట్టే ఉంటుంది. నిజానికి ఒక్కొక్కటి ఒక్క పనే బాగా చేస్తుంది. కాబట్టి కొనేముందు మన ఇంట్లో జబ్బు ఏదో తేల్చుకోవాలి. కింద చెప్పే అంకెలన్నీ 230 ఓల్టులు, 50 హెర్ట్జ్ కరెంటుకు. 60 హెర్ట్జ్ ఉన్నచోట 50ని 60గా, 100ని 120గా చదువుకోండి.

జబ్బులు మూడు

మొదటిది సర్జ్. దగ్గర్లో పిడుగు పడినా, పెద్ద మోటారు ఆగినా, పోయిన కరెంటు ఒక్కసారిగా తిరిగొచ్చినా లైన్లో ఓల్టేజీ ఎగిరిపడుతుంది. ఒక్కోసారి అది వేల ఓల్టులు ఉంటుంది గానీ ఆయుష్షు మైక్రోసెకన్లే. సామాన్లను పరీక్షించేటప్పుడు వాడే ప్రామాణిక సర్జ్ కరెంటు 8 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరి, 20 మైక్రోసెకన్లకల్లా సగానికి పడిపోతుంది. కన్ను రెప్ప వేసేంత సమయంలో అలాంటివి వేలకొద్దీ ఇమిడిపోతాయి.

రెండోది ఎక్కువసేపు నిలిచే ఓవర్ ఓల్టేజీ. మూడు ఫేజుల సరఫరాలో ఎక్కడైనా న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన ఇంటికి 300, 350, ఒక్కోసారి 400 దాకా వచ్చేస్తుంది. మైక్రోసెకన్లు కాదు, ఎవరో ఒకరు మెయిన్ ఆపేదాకా వస్తూనే ఉంటుంది. సర్జ్ ఒక చెంపదెబ్బ అనుకుంటే ఇది గొంతు పట్టుకుని వదలకపోవడం.

మూడోది నాయిస్. దీనివల్ల సామాను కాలిపోదు, చెవికే బాధ. ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి. ఒకటి కరెంటు తీగ మీద ఎక్కి వచ్చేది: డిమ్మర్లు, నాసిరకం ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు పుట్టించే రొద. రెండోది మన సామాన్ల మధ్యే పుట్టేది: ఎర్త్ తీగలూ సిగ్నల్ వైర్లూ కలిసి ఒక వలయమై, అందులో అనవసరపు కరెంటు తిరుగుతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఇళ్లలో వినిపించే గుయ్యిలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. కానీ జనం డబ్బు పెట్టేది మొదటి రకం మీద. నేనూ అదే చేశాను.

కొన్నేళ్ల క్రితం నా సెట్టులో వాల్యూమ్ తగ్గించినా వదలని గుయ్ మొదలైంది. బరువైన పవర్ ఫిల్టర్ ఒకటి తెచ్చి, అన్నీ దానికే తగిలించి, కళ్లు మూసుకుని కూర్చున్నాను. మొదటి రోజు శబ్దం తగ్గినట్టే అనిపించింది. డబ్బు పెట్టినవాడి చెవి కదా! రెండోరోజుకల్లా తెలిసిపోయింది, గుయ్ ఎక్కడికీ పోలేదు. రెండు వారాల తర్వాత ఇంటికొచ్చిన మిత్రుడు మాటల మధ్య టీవీ వెనకాల ఉన్న కేబుల్ వైరు పీకాడు. అంతే, గది నిశ్శబ్దం. ఆ ఫిల్టర్ ఇప్పుడు నా టేబుల్ లైటుకు కరెంటిస్తోంది. లైటు ఇంతవరకూ ఒక్కసారి కూడా గుయ్యిమనలేదు.

కొనేముందు ఒక అరగంట

అందుకే ముందు ఈ చిన్న పరీక్షలు చేయండి. యాంప్లిఫైయర్ ఆపేసి, దానికి వెనకనుంచి వచ్చే ఇన్‌పుట్ వైర్లన్నీ పీకండి, స్పీకర్ వైర్లు మాత్రం ఉంచండి. మళ్లీ ఆన్ చేయండి. గుయ్ పోయిందంటే జబ్బు యాంప్‌ది కాదు, కరెంటుదీ కాదు. ఒక్కో వైరూ తిరిగి పెడుతూ వస్తే ఏది పెట్టగానే మొదలవుతుందో అదే దొంగ. టీవీ కేబుల్, డిష్ వైరు, కంప్యూటర్‌ నుంచి వచ్చే యూఎస్‌బీ, ఎక్కువసార్లు దొరికేవి ఈ మూడే. మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో కిచకిచ వినిపిస్తే ఇక పరిశోధన అక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి చూడండి, శబ్దం ఆగితే దారి తెలిసినట్టే.

వైర్లన్నీ పీకినా గుయ్ స్పీకర్లోంచి వస్తూనే ఉంటే యాంప్ లోపలి సంగతి. ఫోన్లో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో) చూపించే యాప్ పెట్టి స్పీకర్ దగ్గర ఉంచండి. 100 హెర్ట్జ్ దగ్గర గీత నిక్కితే, ముఖ్యంగా యాంప్ పాతదైతే, పవర్ సప్లైలోని కెపాసిటర్లు ఎండిపోయి ఉండే అవకాశం ఎక్కువ. దానికి బయట ఏ పెట్టె తగిలించినా లాభం లేదు, రిపేరుకి ఇవ్వాలి.

స్పీకర్ కాకుండా యాంప్ డబ్బానే గుయ్యిమంటోందా? చెవి దానికి ఆనించి చూడండి. అది లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మెకానికల్‌గా అదరడం. గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ నస ఎక్కువ, ఎందుకంటే ఏసీ మీద కాస్త డీసీ కలిసినా అవి సాచురేట్ అయిపోతాయి, అంటే వాటి కోర్ ఇక పట్టలేనంతగా అయస్కాంతంతో నిండిపోతుంది. హెయిర్ డ్రయర్‌ని తక్కువ వేడి మీద పెట్టినప్పుడు కొన్ని మోడళ్లు ఏసీలో సగం అలనే వాడుకుంటాయి, ఆ కొద్ది డీసీ అక్కడ పుడుతుంది. రోజులో కొన్ని వేళల్లోనే డబ్బా అదురుతుంటే అనుమానం దీనిమీదే. దీనికి విరుగుడు డీసీ బ్లాకర్ అనే చిన్న పెట్టె. స్పైక్ గార్డ్, స్టెబిలైజర్, మామూలు ఫిల్టర్ ఈ విషయంలో ఏమీ చేయలేవు.

సర్జ్‌కి: స్పైక్ గార్డా, మెయిన్ బోర్డు పరికరమా, సిరీస్ రకమా?

మామూలు స్పైక్ గార్డ్ లోపల ఉండేది ఎంఓవీ, జింక్ ఆక్సైడ్‌తో చేసిన చిన్న బిళ్ల. ఓల్టేజీ మామూలుగా ఉన్నంతసేపు అది అక్కడ లేనట్టే ఉంటుంది. హద్దు దాటగానే తలుపు తెరిచి అదనపు కరెంటుని న్యూట్రల్‌కో ఎర్త్‌కో మళ్లిస్తుంది. 275 ఓల్టుల రేటింగ్ ఉన్న బిళ్ల 430 ఓల్టుల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, వంద ఆంపియర్ల వంటి కరెంటు పారేటప్పుడు 700 ఓల్టుల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. యాంప్‌కి 230 మాత్రమే చేరుతుందని అనుకుంటే పొరపాటు. వేలల్లో రావాల్సింది వందల్లో వస్తుంది, అదే దాని గొప్పతనం.

ఈ బిళ్లకు ఆయుష్షు ఉంది. దెబ్బ తిన్న ప్రతిసారీ కొంచెం కొంచెం అరుగుతుంది, చివరికి పనిచేయడం మానేస్తుంది. అప్పుడు కూడా సాకెట్లలో కరెంటు వస్తూనే ఉంటుంది, అసలు చిక్కు అదే. కాబట్టి రక్షణ ఉందో లేదో చూపించే లైటు ఉన్నది, బిళ్ల వేడెక్కితే లైన్ నుంచి విడదీసే థర్మల్ ఫ్యూజు ఉన్నదే కొనండి. జౌల్స్ (ఎంత శక్తిని మింగగలదో చెప్పే) అంకె పెద్దదైతే ఎక్కువ కాలం మన్నుతుందని అర్థమే గానీ ఎక్కువ బాగా ఆపుతుందని కాదు. ఎంతలో ఆపుతుందో చెప్పేది క్లాంపింగ్ ఓల్టేజీ, అది తక్కువ ఉంటే మంచిది. పెట్టె మీద ఈ రెండు అంకెలూ లేకపోతే అది స్పైక్ గార్డ్ కాదు, ఎర్రలైటు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్.

ఇక మెయిన్ బోర్డులో పెట్టే సర్జ్ పరికరాలు. టైప్ 2 అనే రకం ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఎంసీబీల (ఎక్కువ కరెంటు పారితే తమంతట పడిపోయే స్విచ్‌ల) పక్కనే కూర్చుంటుంది. పెద్ద దెబ్బని గుమ్మం దగ్గరే తగ్గిస్తుంది కాబట్టి ఫ్రిజ్, ఏసీ, టీవీ అన్నిటికీ నీడ దొరుకుతుంది. పిడుగు కరెంటు నేరుగా దిగే లైట్నింగ్ రాడ్ ఉన్న భవనాలకు టైప్ 1 కావాలి. సొంతిల్లు ఉండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవగలిగితే నా ఓటు ముందు దీనికే, ఆ తర్వాతే సెట్టు దగ్గర స్పైక్ గార్డ్. మొదటిది మోటు దెబ్బ కాస్తుంది, రెండోది మిగిలిన తునకల్ని ఏరుతుంది. అయితే బిగించేవాళ్లతో ఒక్కమాట చెప్పాలి: తీగలు పొట్టిగా ఉండాలి. ఒక మీటరు తీగకు ఇండక్టెన్స్ (కరెంటు మార్పుకు అడ్డుపడే గుణం) సుమారు ఒక మైక్రోహెన్రీ. మైక్రోసెకనుకు వెయ్యి ఆంపియర్ల చొప్పున పెరిగే కరెంటు ఆ మీటరు తీగలోనే వెయ్యి ఓల్టులు నిలబెడుతుంది. అందంగా చుట్టలు చుట్టి కట్టిన తీగ పరికరాన్ని ఉత్తదాన్ని చేస్తుంది. మొత్తం పొడవు అర మీటరు లోపు ఉండేట్టు చూసుకోమనండి.

సిరీస్ రకం సర్జ్ ప్రొటెక్టర్లు కొంచెం వేరు. దెబ్బని ఎర్త్‌కి తోసేయకుండా, పెద్ద కాయిల్‌తో దారికి అడ్డం నిలబడి నెమ్మదింపజేసి, కెపాసిటర్లలో నింపుకుని వదిలేస్తాయి. అరుగుదల దాదాపు ఉండదు. ఎర్త్ తీగని సర్జ్‌తో నింపవు గనక, ఆ ఎర్త్‌నే పంచుకున్న సిగ్నల్ వైర్లు ప్రశాంతంగా ఉంటాయి. ఆడియోకి ఇదే అన్నిటికంటే నచ్చే పద్ధతి. బరువు, ఖరీదు మాత్రం అందుకు తగ్గట్టే. పదిహేను, ఇరవై ఏళ్లు వాడాలనుకునే సెట్టుకే ఆలోచించండి. బ్లూటూత్ స్పీకర్‌కీ, సౌండ్‌బార్‌కీ దీన్ని కొనడం దోమకి ఫిరంగి.

ఎర్తింగ్ లేని ఇంట్లో స్పైక్ గార్డ్ పూర్తిగా వృథానా అని అడిగేవాళ్లు ఉంటారు. పూర్తిగా కాదు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఉన్న బిళ్ల పనిచేస్తుంది, ఎర్త్‌కి కలిపిన బిళ్లలు ఉంటే అవి ఊరికే ఉంటాయి. ఫిల్టర్ ఉన్న పెట్టె అయితే ఇంకో ముచ్చట. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజు, న్యూట్రల్‌ల నుంచి ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే సామాను లోహపు ఒంటిమీద 115 ఓల్టుల దాకా తేలుతుంది. ముట్టుకుంటే జివ్వుమంటుందని చాలామంది చెప్పేది దీన్నే. స్పైక్ గార్డ్ కొనేముందు ఎర్తింగ్ పరీక్ష చేయించడం మేలు అని నేననేది అందుకే.

న్యూట్రల్ తెగితే

230 ఓల్టుల ఏసీ శిఖరం 325 ఓల్టులు. 400కి పెరిగితే శిఖరం 566. అంటే 430 దగ్గర తెరుచుకునే బిళ్ల సెకనుకు వందసార్లు తెరుచుకుంటుంది. మైక్రోసెకన్ల పనికి పుట్టినది సెకన్ల తరబడి కాలుతుంది, పగిలిపోతుంది. మా బంధువుల ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది. స్పైక్ గార్డ్ మాడిన వాసన ముందు వచ్చింది, యాంప్ తర్వాత పోయింది.

దీనికి మందు ఓల్టేజీ కటాఫ్. కొన్నిచోట్ల ఓల్టేజీ ప్రొటెక్టర్ అంటారు. సాకెట్‌లో గుచ్చేవీ ఉన్నాయి, మెయిన్ బోర్డులో బిగించేవీ ఉన్నాయి. ఓల్టేజీ పెట్టిన హద్దుకు పైన గానీ కింద గానీ పోతే రిలే లైన్ తెంచేస్తుంది. మళ్లీ మామూలైన తర్వాత కొంతసేపు ఆగి కలుపుతుంది. ఆ ఆగడం కూడా వరమే, కరెంటు తిరిగొచ్చేటప్పటి మొదటి ఎగిరిపాటు సెట్టు దాకా రాదు. సర్జ్‌ని మాత్రం ఇది ఆపలేదు, రిలే కదిలేలోపు సర్జ్ వచ్చి వెళ్లిపోతుంది. స్పైక్ గార్డ్, కటాఫ్ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు, జోడీ.

స్టెబిలైజర్ గురించి త్వరగా తేల్చేద్దాం. ఓల్టేజీ రోజూ ఎగుడుదిగుడుగా ఉండే ఇళ్లకు అది అవసరమే. మిగతావాళ్లకు ఆడియో కోసం అక్కర్లేదు. రిలే రకం స్టెబిలైజర్ టిక్కుమని మారినప్పుడల్లా స్పీకర్లో టప్పుమనే అవకాశం ఉంది, సర్వో రకం ఆ గోల చేయదు గానీ నెమ్మది. 100 నుంచి 240 ఓల్టుల దాకా అని వెనకాల రాసి ఉన్న సామాన్లకు ఓల్టేజీ తగ్గడం అసలు సమస్యే కాదు.

యూపీఎస్ ఎవరికి?

పాటలు దాచుకున్న కంప్యూటర్, హార్డ్ డిస్క్‌లున్న సర్వర్, రౌటర్ వీటికి. కరెంటు ఠపీమని పోతే డేటా పాడవుతుంది కాబట్టి అక్కడ యూపీఎస్ ఉండాల్సిందే. పవర్ యాంప్‌కి మాత్రం వద్దనే చెబుతాను. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీదకు వెళ్లాక ఇచ్చేది సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉన్న అల. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ దానిమీద గుర్రుమంటుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌దీ అదే కథ. ఆన్‌లైన్ యూపీఎస్ కరెంటుని డీసీ చేసి మళ్లీ కొత్తగా ఏసీ తయారుచేస్తుంది కాబట్టి బయటి ఓల్టేజీ ఊగిసలాట లోపలికి రాదు, కాగితం మీద అదే ఉత్తమం. దాని ఫ్యాన్ మాత్రం ఆగదు. గుయ్ పోగొట్టుకోవడానికి బుర్రుమనే ఫ్యాన్‌ని గదిలోకి తెచ్చుకోవడం ఏం బేరమో మీరే చెప్పండి.

నాయిస్‌కి: ఫిల్టర్, ట్రాన్స్‌ఫార్మర్, లేక ఒక చిన్న ఐసొలేటర్?

మామూలు లైన్ ఫిల్టర్లు తయారయ్యేది 150 కిలోహెర్ట్జ్ నుంచి పైన ఉండే రొదను ఆపడానికి. 50 హెర్ట్జ్ గుయ్‌ని అవి ఆపవు, ఆపకూడదు కూడా. 50 హెర్ట్జ్‌ని ఆపే ఫిల్టర్ అంటే కరెంటునే ఆపే ఫిల్టర్! రేడియోలో గరగర, రికార్డు ప్లేయర్ సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్‌లోకి చిటపటలు, స్విచ్ వేసినప్పుడల్లా టక్కుమనడం, వీటికి ఫిల్టర్ పనికొస్తుంది. అంతకంటే చవక మార్గం రొద పుట్టిస్తున్న బల్బునో డిమ్మర్‌నో చార్జర్‌నో మార్చేయడం. ఎంసీబీలు ఒక్కొక్కటిగా ఆపుతూ వింటే ఏ గదిలో ఉందో దొరికిపోతుంది. వైరు మీద బిగించే ఫెర్రైట్ పూస కూడా రేడియో రకపు నాయిస్‌కే, గుయ్‌కి కాదు.

పెద్ద పవర్ యాంప్‌ని చిన్న ఫిల్టర్ గుండా నడపకండి. యాంప్ కరెంటుని సమంగా తీసుకోదు, అల శిఖరం దగ్గర గుక్కలు గుక్కలుగా లాగుతుంది. ఇరుకు ఫిల్టర్ ఆ గుక్కలకు అడ్డం పడుతుంది. ఫోనో స్టేజ్, డాక్ (డిజిటల్ పాటని అనలాగ్‌గా మార్చే డీఏసీ), పవర్ యాంప్‌కి ముందుండే ప్రీయాంప్ ఫిల్టర్‌కి. పవర్ యాంప్ నేరుగా గోడ సాకెట్‌కి, లేదా తగిన ఆంపియర్లున్న సిరీస్ ప్రొటెక్టర్‌కి.

ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజు, న్యూట్రల్ రెండిటి మీదా కలిసి వచ్చే కామన్ మోడ్ నాయిస్‌ని బాగా తగ్గిస్తుంది. కానీ చాలావాటిలో ఎర్త్ తీగ ఇటునుంచి అటు నేరుగానే పోతుంది, పోవాలి కూడా. కాబట్టి ఎర్త్ ద్వారా తిరిగే గ్రౌండ్ లూప్ చెక్కుచెదరదు. పైగా అదే ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, తనే గుయ్యిమనగలదు.

గ్రౌండ్ లూప్‌కి అసలు మందులు ఇంతకంటే చాలా చిన్నవి. ముందు ఖర్చు లేనిది: ఒకదానికొకటి కలిసిన సామాన్లన్నిటినీ ఒకే సాకెట్ బోర్డు మీదకు తేవడం. దానితో చాలా ఇళ్లలో గుయ్ తగ్గుముఖం పడుతుంది. అదీ చాలకపోతే ఐసొలేటర్, అంటే సిగ్నల్‌ని పోనిచ్చి లూప్ దారిని తెంచే చిన్న పెట్టె: దొంగ టీవీ కేబుల్ అయితే కోయాక్స్ ఐసొలేటర్, కంప్యూటర్ అయితే యూఎస్‌బీ ఐసొలేటర్, రెండు యాంప్‌ల మధ్య అయితే ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లైన్ ఐసొలేటర్. ఆప్టికల్ వైరుకు వీలుంటే మారు ఆలోచన వద్దు, గాజు, ప్లాస్టిక్‌ల గుండా కరెంటు పోదు, లూప్ పుట్టే దారే ఉండదు. సామాన్లకు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ఆడియో సాకెట్) ఉంటే బాలెన్స్‌డ్ వైర్లు వాడండి, దారిలో చేరిన రొద వాటిలో కొట్టేసుకుపోతుంది.

ఒకటి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి: ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేయడం. గుయ్ నిజంగానే పోతుంది, అందుకే ఈ చిట్కా ఇంకా బతికి ఉంది. కానీ ఏదో ఒక రోజు లోపల ఫేజు తీగ ఊడి డబ్బాకి తగిలితే ఫ్యూజు పోదు, ఆర్‌సీఏ (సామాన్లని కలిపే మామూలు ఆడియో) వైర్ల మీదుగా సెట్టు మొత్తం కరెంటు మీద కూర్చుంటుంది. తర్వాత చేయి పెట్టేది పిల్లలో పెద్దలో చెప్పలేం.

నేనైతే

అద్దె ఇల్లు, మామూలు సెట్టు అయితే లైటు, థర్మల్ ఫ్యూజు ఉన్న స్పైక్ గార్డ్ ఒకటి, దానికి జోడీగా సాకెట్ రకం ఓల్టేజీ కటాఫ్ ఒకటి. ఒక స్పైక్ గార్డ్‌లో ఇంకో స్పైక్ గార్డ్ గుచ్చొద్దు. సొంతిల్లయితే ఎర్తింగ్ పరీక్ష, మెయిన్ బోర్డులో టైప్ 2, సెట్టుకు విడిగా ఒక లైను, ఆ తర్వాతే మిగతావి. ఖరీదైన పవర్ కేబుళ్ల మీద నేను ఒక్క పైసా పెట్టను. గోడ లోపల పదుల మీటర్ల మామూలు తీగ ఉన్నప్పుడు చివరి మీటరు బంగారంతో చేసినా ఒకటే.

ఒక దారిని అందరూ మరిచిపోతారు. సర్జ్ ప్లగ్గులోంచే వస్తుందని రూలేం లేదు. ల్యాన్ వైరు, డిష్ వైరు, యాంటెన్నా కూడా బయటినుంచి వచ్చేవే. అవి హెచ్‌డీఎంఐ మీదుగా రిసీవర్‌ని చంపగలవు. వైఫైతో పని జరిగితే ల్యాన్ వైరు పెట్టకపోవడమే ఒక రక్షణ.

నేరుగా పడే పిడుగుకి పై జాబితాలో ఏదీ జవాబు కాదు, స్విచ్ ఆపినా సరిపోదు. వేల ఆంపియర్లు ఆకాశం నుంచి దిగి వచ్చినది స్విచ్‌లోని కొద్ది మిల్లీమీటర్ల ఖాళీని దాటలేదా? ఉరుములు వినబడకముందే ప్లగ్గులు పీకాలి, యాంటెన్నా, ల్యాన్ వైర్లతో సహా. ఉరుములు నెత్తిమీదకు వచ్చాక మాత్రం వైర్ల జోలికి పోకండి. నేను స్పైక్ గార్డ్ అడుగున కొన్న నెల, సంవత్సరం మార్కర్‌తో రాసిపెడతాను. లైటు ఆరినా, దగ్గర్లో పెద్ద పిడుగు పడినా దాని ఉద్యోగం అయిపోయినట్టే లెక్క, కొత్తది తెస్తాను.